ఐదేళ్ళ బాబు నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు, మా అత్తగారు పురుగులే అంటున్నారు

రాయగడ కోడలు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. బాబుకి జూన్‌లో ఐదు నిండాయి. రెండు నెలలుగా రాత్రిళ్ళు నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు. కొరకడమంటే అలాంటిలాంటి కొరకడం కాదు, పలక మీద బలపం అడ్డంగా గీస్తే ఒళ్ళు జలదరించే చప్పుడొకటి వస్తుంది చూడండి, అదే. ఫ్యాను ఐదులో తిరుగుతున్నా పక్కగదిలోకి వినిపిస్తుంది. మొదటిరోజు ఎలకేమో అనుకుని లైటేసి మంచం కిందంతా వెతికాను, తీరా చూస్తే వీడు! ఫోను టార్చి వేసి చూస్తే చెంప లోపల గోళీ పెట్టి అటూ ఇటూ దొర్లించినట్టు కండ కదులుతోంది, కళ్ళు మాత్రం హాయిగా మూసుకునే ఉన్నాయి. ఓ పది సెకన్లు కొరికి ఆగుతాడు, పక్కకి ఒత్తిగిలి పడుకుంటాడు, కాసేపటికి మళ్ళీ మొదలు. పొద్దున్న అడిగితే వాడికేమీ తెలీదు, "నేనా? నువ్వే కొరికావు" అంటాడు.

మా అత్తగారిది ఒకటే మాట, కడుపులో పురుగులు. పక్కింటి ఒడియా ఆవిడ కూడా "దాంత కడమడ" అంటే కృమే అని ఆవిడకి వంతపాడింది. రెండు రాష్ట్రాలవాళ్ళూ ఒక్కమాట మీదకి రావడం నేను చూసింది ఇదొక్క విషయంలోనే. ఆగస్టులో స్కూల్లో పురుగుల మాత్ర వేశారు, అయినా ఆగలేదు. ఆ మాత్ర పనిచెయ్యలేదు, షాపులో మంచిది తెమ్మంటారు అత్తగారు. ఈలోగా వేపాకు, పసుపు నూరి ఉండలు చేసి పరగడుపున మింగమంటున్నారు, ఆ గిన్నె చూస్తే చాలు వీడు వీధిలోకి పరుగు.

నా భయం పళ్ళ గురించి. కింద దవడపళ్ళు చదునుగా, అరిగినట్టు కనిపిస్తున్నాయి. ముందునుంచీ అలాగే ఉన్నాయేమో కూడా తెలీదు, అప్పుడు ఎవరు చూశారు. మా ఆయన కూడా చిన్నప్పుడు ఇలాగే కొరికేవారని అత్తగారే చెప్పారు.

ఏప్రిల్ దాకా పార్వతీపురంలో మా అమ్మావాళ్ళింట్లో ఉండేవాళ్ళం, ఈయనకి ఇక్కడ మిల్లులో పని ఖాయమయ్యాక వచ్చేశాం. బాబుని ఇక్కడే యూకేజీలో వేశాం. తిండి బాగానే తింటాడు, ఆటలకి లోటు లేదు.

కొరికేటప్పుడు లేపాలా, వదిలెయ్యాలా? నోట్లో గుడ్డ పెట్టమని ఒకావిడ చెప్పింది, పెట్టొచ్చా? చూపించాలంటే పిల్లల డాక్టరుకా, పళ్ళ డాక్టరుకా?

కిమిడి కుర్రోడు:

పురుగులే అక్కా, డౌటే లేదు. మా పర్లాకిమిడిలో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఆల్బెండజోల్ ఒకటి వేసెయ్యండి, రెండోరోజుకి టక్కున ఆగిపోతుంది. మా అక్క కొడుక్కి అలాగే ఆగింది.

పళ్ళ డాక్టరు, పార్వతీపురం:

మా క్లినిక్కి రాయగడ, గుణుపురం వైపు నుంచి చాలామంది వస్తారు, ఈ ప్రశ్న వారానికొకసారైనా వింటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు గుడ్డ సంగతి. వద్దమ్మా. గుడ్డ, చెంచా, వేలు, ఏదీ నోట్లో పెట్టకండి, నిద్రలో గొంతుకి అడ్డం పడిందంటే పళ్ళ సంగతి మర్చిపోవాల్సి వస్తుంది. లేపక్కర్లేదు కూడా, మెల్లగా పక్కకి తిప్పి పడుకోబెడితే చాలు, అదీ మీ మనశ్శాంతి కోసమే.

దీన్ని మేం బ్రక్సిజం అంటాం. పాలపళ్ళ వయసులో చాలామంది పిల్లల్లో ఉంటుంది, శాశ్వత పళ్ళు వచ్చేకొద్దీ ఎక్కువమందిలో దానంతటదే తగ్గిపోతుంది. నిద్ర మొత్తం ఒకే లోతున ఉండదు, మధ్యమధ్యలో క్షణంసేపు పైకి తేలుతుంది, అలా తేలేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, దాని వెంటే దవడ కండరం బిగుస్తుంది. వాడు కావాలని చేసేదీ కాదు, చెడ్డ అలవాటూ కాదు, అందుకే తిట్టినా బుజ్జగించినా ఫలితం ఉండదు. తండ్రికి ఉండేదన్నారు కదా, కుటుంబాల్లో వస్తుంది. అత్తగారు ఆ ఒక్కమాట కరెక్టుగానే చెప్పారు, కారణమే తప్పు చెప్పారు.

పురుగుల సంగతి. పళ్ళు కొరికితే పురుగులున్నట్టే అనడానికి గట్టి ఆధారం లేదు. పురుగులు లేని పిల్లలు కొరుకుతారు, ఉన్నవాళ్ళు కొరక్కుండా హాయిగా పడుకుంటారు. అయితే ఈ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కూడా కాదేమో. దారప్పోగుల్లాంటి సన్నటి తెల్లపురుగులు కొన్ని రాత్రిపూట మలద్వారం దగ్గర గుడ్లు పెడతాయి, ఆ దురదకి పిల్లలకి నిద్ర సరిగ్గా పట్టదు. నిద్ర చెదిరితే కొరకడం ఎక్కువయ్యే అవకాశం ఉంటుంది. కాబట్టి రాత్రిళ్ళు వెనక గోక్కుంటున్నాడా చూడండి. అలా ఉంటే డాక్టరు రెండు వారాల తేడాతో రెండు మోతాదులు ఇస్తారు, ఇంట్లో అందరికీ ఇస్తారు. లేకపోతే స్కూల్లో వేసింది చాలు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న, అంగన్‌వాడీల్లోనూ స్కూళ్ళలోనూ వేసేది అదే ఆల్బెండజోల్, రెండేళ్ళు దాటినవాళ్ళకి 400 మిల్లీగ్రాములు. షాపులో దొరికేది దానికంటే "మంచిది" ఏమీ కాదు, అదే మందు, పైన బొమ్మ వేరు. నెలనెలా వెయ్యకండి. తమ్ముడూ కిమిడి కుర్రోడూ, మీ అక్క కొడుక్కి ఆగింది సరే, ఇది కొన్ని వారాలు వచ్చి కొన్ని వారాలు దానంతటదే పోయే రకం, ఆగే ముందు రోజు ఏది మింగితే పేరు దానికొస్తుంది.

పళ్ళు చదును కావడం గురించి. పాలపళ్ళ పైపూత పెద్దపళ్ళకంటే పలచన, కొంచెం అరుగుతుంది. ఎలాగూ ఊడిపోయే పళ్ళు కాబట్టి అరుగుదలని చూసి భయపడనక్కర్లేదు, కానీ పన్ను విరిగినా, లోపలి పసుపురంగు బయటపడినా, చల్లటి నీళ్ళు తాగితే చెయ్యి బుగ్గ మీదకి పోతున్నా తీసుకురండి. ఒక జాగ్రత్త, ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళ వరస వెనక కొత్తగా దవడపన్ను ఒకటి వస్తుంది, దాని కోసం ముందు ఏ పన్నూ ఊడదు, అందుకని చాలామంది అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పెద్దవాళ్ళకి రాత్రిళ్ళు పళ్ళకి తొడుక్కోడానికి ఇచ్చే నైట్ గార్డు ఈ వయసులో సాధారణంగా ఇవ్వం, దవడ పెరుగుతోంది, పళ్ళు మారుతున్నాయి, ఇవాళ పట్టింది మూడు నెలలకి పట్టదు.

నాకు పళ్ళకంటే ముఖ్యంగా కావాల్సింది ఇంకోటి. గురక ఉందా? నోరు తెరుచుకుని పడుకుంటాడా? నిద్రలో ఊపిరి కాసేపు ఆగి ఒక్కసారిగా ఎగశ్వాస తీస్తాడా? పొద్దున్నే తలనొప్పో, దవడ నొప్పో అంటాడా? సాయంత్రం టీ తాగుతాడా? మన వైపు బిస్కెట్టు ముంచుకోడానికని పిల్లలకి గ్లాసుడు టీ ఇచ్చేస్తారు. తాతగారి చుట్టో, ఇంకొకరి సిగరెట్టో ఇంట్లో కాలుతుందా? పొగ ఉన్న ఇళ్ళ పిల్లల్లో కొరకడం ఎక్కువని పరిశోధనల్లో ఉంది. ఒక రాత్రి ఛాతీ నుంచి తల దాకా కనిపించేట్టు ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీసి ఉంచండి, నేను చెప్పే పది మాటలకంటే డాక్టరుకి అదే ఉపయోగం. వీడియోలో కాళ్ళూచేతులూ కొట్టుకుంటున్నా, కళ్ళు పైకి తేలేస్తున్నా అది పళ్ళ విషయం కాదు, ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.

జయపురం నాన్న:

డాక్టరుగారు గురక అన్నారు కాబట్టి రాస్తున్నా, లేకపోతే చదివి వెళ్ళిపోయేవాణ్ణి.

మా పాప ఏడాది పాటు కొరికింది. మేమూ పురుగులే అనుకున్నాం. మూడుసార్లు మందు వేశాం, మా అమ్మ ఆముదం కూడా పట్టించింది, ఆ రోజు ఇంట్లో జరిగిన యుద్ధం ఇక్కడ రాయలేను. ఇక్కడ చూపించిన ఒక డాక్టరు తల కూడా ఎత్తకుండా పెద్దయితే పోతుందన్నారు. పోలేదు. మేం పట్టించుకోనిది ఏంటంటే పాప రాత్రంతా నోరు తెరుచుకునే పడుకునేది, దిండు చొంగతో తడిసిపోయేది, మెడ వెనక్కి విరిచి గడప మీద తలపెట్టినట్టు పడుకునేది. గురక పెడితే "అచ్చం తాతలాగే" అని నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి మా బావమరిది చూసి వైజాగ్ తీసుకురమ్మన్నాడు. అరకు మీదుగా కిరండూల్ లైను రైల్లో వెళ్ళాం, పాప దారిపొడుగునా సొరంగాలు లెక్కపెడుతూనే ఉంది, మధ్యలో లెక్క తప్పి ఏడ్చింది. ఈఎన్‌టీ డాక్టరు పక్కనుంచి మెడ ఎక్స్‌రే తీయించి చూపించారు, ముక్కు వెనకాల అడినాయిడ్స్ అనే కండ వాచి గాలి వెళ్ళే దారి సన్నటి గీతలాగా ఉంది. ఆ చిన్న గీతలోంచే ఇన్నాళ్ళూ ఊపిరి తీసిందా అనిపించింది. ముందు ముక్కులో కొట్టే స్ప్రే ఇచ్చి మూడు నెలలు చూశారు, కొంచెం తగ్గింది కానీ సరిపోలేదు, ఆపరేషన్ చేశారు. గురక వారం పది రోజుల్లో పోయింది. కొరకడం వెంటనే పోలేదండీ, అది అబద్ధం చెప్పను, నాలుగైదు నెలలు పట్టింది, ఇప్పటికీ జలుబు చేస్తే ఒకటి రెండు రాత్రులు వినిపిస్తుంది.

మీ బాబుకి గురక లేకపోతే ఇదంతా మీకు అక్కర్లేదు. ఉంటే మాత్రం మాలాగా ఏడాది ఆగకండి.

బరంపురం మామ్మ:

అమ్మాయీ, నాకు ముగ్గురు పిల్లలు, ఇద్దరు కొరికారు. ఇద్దరికీ ఇప్పుడు నలభై దాటాయి, చెరుకుగడ పళ్ళతో చీలుస్తారు. ఆ వేపాకు ఉండలు మాత్రం మీ అత్తగారినే ముందు ఒకటి మింగమను. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, ఫోను లాక్కుని, పక్కన కూచుని ఏదో ఒక కథ చెప్పు. వాడి కోసం కాకపోతే నీ కోసం, టార్చిలైటు పట్టుకుని రాత్రంతా పిల్లాడి దవడ చూస్తూ కూచుంటే నువ్వు జబ్బు పడతావు.

గుణుపురం టీచరు:

వైద్యం నాకు తెలీదండీ, చిన్నపిల్లల క్లాసు చెప్పడం తెలుసు, పన్నెండేళ్ళుగా అదే పని. మీ ప్రశ్నలో అందరూ పళ్ళు చూశారు, నాకు చివర్లో రాసిన ఏప్రిల్ కనిపించింది. పార్వతీపురంలో తెలుగు స్కూలు, ఇక్కడ ఒడియా. ఆంధ్రావైపు నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసులో ఏటా నలుగురైదుగురు ఉంటారు. 1936లో ఒడిశాని వేరే రాష్ట్రం చేసి సరిహద్దు గీత గీసినవాళ్ళు పెద్దవాళ్ళకి ఆఫీసులు పంచారు గానీ పిల్లలకి భాష పంచలేదు, ఆ ఇబ్బంది ఇప్పటికీ నా క్లాసులోనే తేలుతుంది.

పెద్దవాళ్ళం బజార్లో రెండు భాషలూ కలిపి లాగించేస్తాం కాబట్టి పిల్లలకీ వచ్చేస్తుందిలే అనుకుంటాం. వస్తుంది, ఆర్నెల్లలో మనకంటే బాగా మాట్లాడతారు. ఆ ఆర్నెల్లూ ఎలా గడుస్తుందన్నదే ప్రశ్న. వాళ్ళకి కావాల్సింది పద్యాలూ అక్షరాలూ కాదు, ఒంటికి వెళ్తానని ఎలా అడగాలి, నీళ్ళు పట్టించమని ఎలా అడగాలి, పక్కవాడు కొడితే ఏమని చెప్పాలి. ఇవి రాని పిల్లలు గోల చెయ్యరు, బుద్ధిమంతుల్లా కూచుంటారు, "మీ వాడు చాలా నెమ్మది" అని మేం రిపోర్టులో రాస్తాం. ఇంట్లో ఆటలకి లోటు లేదన్నారు కదా. స్కూల్లో ఎలా ఉంటున్నాడో ఎప్పుడైనా చూశారా? ఒకసారి వాడి బ్యాగు, వాటర్ బాటిల్ చూడండి, నేను చెప్పేకంటే అవే చెప్తాయి.

పళ్ళు కొరకడానికి ఇదే కారణమని అనడం లేదు. టెన్షన్ ఒక కారణం కావచ్చని డాక్టర్లే చెప్తారు, పార్వతీపురం డాక్టరుగారు అది రాయడం మర్చిపోయినట్టున్నారు.

పళ్ళ డాక్టరు, పార్వతీపురం:

మర్చిపోయాను టీచరుగారూ, ఒప్పుకుంటున్నాను. మనసులో ఒత్తిడి ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, కొత్త స్కూలు, కొత్త ఊరు, ఇంట్లో చిన్నపిల్ల పుట్టడం, ఇలాంటివన్నీ అడగాలి. క్లినిక్‌లో అడుగుతాను, ఇక్కడ టీ దగ్గర ఆగిపోయాను.

రాయగడ కోడలు:

మూడు వారాలు మాట్లాడలేదు, అందరూ క్షమించాలి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

వీడియో తీశాను. కాళ్ళూచేతులూ కొట్టుకోవడం ఏమీ లేదు. నోరు మూసుకునే పడుకుంటున్నాడు, జలుబు చేసిన రోజు తప్ప గురక లేదు. వెనక గోక్కోవడం కూడా లేదు. పళ్ళు ఇక్కడే ఒక డాక్టరుకి చూపించాం, అరుగుదల ఉంది కానీ కొద్దిగానే, ఆర్నెల్లకి మళ్ళీ రమ్మన్నారు. టీ మాత్రం ఉంది. రోజూ సాయంత్రం అత్తగారు గ్లాసుతో ఇస్తున్నారు, నేను చూస్తూనే ఉన్నాను, అది లెక్కలోకి వస్తుందని తట్టలేదు. ఇప్పుడు పాలే.

టీచరుగారు రాసింది చదివిన రోజు స్కూలు నుంచి రాగానే బాటిల్ తీసి చూశాను. నిండుగా ఉంది. పొద్దున్న నేను పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, మూత బిగింపు కూడా నేను బిగించినట్టే ఉంది. మర్నాడూ అంతే. రోజూ సాయంత్రం ఆ నీళ్ళు తులసికోటలో పారబోసి బాటిల్ కడిగేదాన్ని, రోజూ ఎందుకు నిండుగా వస్తోందని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా అడిగితే చెప్పాడు, "తాగితే ఒంటికి వస్తుంది కదమ్మా, వస్తే అడగాలి కదా." స్కూలు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా దొడ్లోకి పరిగెడతాడు, ఆటకి తొందరేమో అనుకునేదాన్ని. పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూచుంటున్నాడండీ నా కొడుకు.

మర్నాడే వెళ్ళి వాళ్ళ మిస్‌తో మాట్లాడాను. ఆవిడ మంచావిడే, నిజంగా తెలీలేదన్నారు. చిటికెనవేలు చూపిస్తే చాలు, ఏమీ అనక్కర్లేదని క్లాసు మొత్తానికి చెప్పారట. మా ఆయన ఇంట్లో రోజుకి రెండు ఒడియా మాటలు నేర్పుతున్నారు, పక్కింటి ఆవిడ మనవణ్ణి సాయంత్రం ఆటకి పంపిస్తోంది. మొన్న శనివారం బాటిల్లో అడుగున రెండు గుక్కలే మిగిలాయి, నేను ఆ బాటిల్ పట్టుకుని వంటింట్లో కాసేపు అలాగే నిలబడిపోయాను.

కొరకడం పూర్తిగా పోలేదు. ముందు రోజూ ఉండేది, ఇప్పుడు వారంలో రెండు మూడు రాత్రులు, అదీ కొద్దిసేపే. టీ మానేసినందుకో, స్కూలు కుదుటపడినందుకో, డాక్టరుగారన్నట్టు దానంతటదే తగ్గే టైమొచ్చిందో తెలీదు.

ఇంకోటి చెప్పాలి, మీరు నవ్వకూడదు. మధ్యలో ఒకరోజు నేను గుడికి వెళ్ళినప్పుడు అత్తగారు షాపులో పురుగుల మందు తెప్పించి వాడికి పట్టించేశారు. ఇప్పుడు వీధిలో అందరికీ ఆ మందు పేరు చెప్తున్నారు. పక్కింటి ఒడియా ఆవిడ పేరు రాసుకుని కూడా వెళ్ళింది.

బరంపురం మామ్మ:

చెప్పుకోనీ. టీ మానిపించావు కదా, అది ఒప్పుకున్నారా ఆవిడ?

రాయగడ కోడలు:

లేదు మామ్మగారూ, నేను లేనప్పుడు సగం గ్లాసు ఇస్తున్నట్టు అనుమానం. బాబు మూతి మీద మీసం కనిపిస్తోంది.